రహస్యోద్ఘాటనమున అనుబంధచతుష్టయము – సహచరపాత్రలను గూర్చి ఒక విచారణ

ప్రస్తావన

శాస్త్రగ్రంథమును చేతబట్టిన విద్యార్థికి గురువు మొట్టమొదట చెప్పునది అనుబంధచతుష్టయము. అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను ఈ నాలుగింటిని ఎరుగక గ్రంథమున ప్రవేశించుట తగదని పెద్దల మాట. ఈ నాలుగును శాస్త్రారంభమునకే గాక, కావ్యనాటకములలో ఒక పాత్ర తన గుట్టును మరియొక పాత్రకు విప్పి చెప్పు ఘట్టములకును చక్కగా అన్వయించునని చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఈ విచారణకు కారణము ఒక పూర్వవిద్యార్థి ప్రశ్న. విశాఖపట్టణమున ఉక్కునగరమునందు పెరిగి, కొంతకాలము నావద్ద నాటకములు చదివి, ఇప్పుడు కంప్యూటరు ఆటలకు కథలు వ్రాయు వృత్తిలో నున్న ఆ యువకుడు ఒకనాడు ఇంటికి వచ్చి, "గురువుగారూ, మా కథలలో నాయకునితో కూడ నడచు సహచరులు ఉందురు. ప్రతివానికిని ఒక రహస్యము ఉండును. దానిని బయటపెట్టునప్పుడెల్ల పని చెడుచున్నది. మన శాస్త్రమున దీనికి మార్గమేమైన కలదా?" అని అడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. తరువాత కొన్నిదినములు పాతగ్రంథములను మరల తిరుగవేసి గ్రహించినదానిని ఇచట నివేదించుచున్నాను.

ఆటల స్వరూపమును ఎరుగని పాఠకులకొరకు రెండు మాటలు. 1974లో అమెరికాదేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించిరి. కొందరు ఒకచోట కూర్చుండి, తలకొక పాత్రను ధరించి, సంభాషణములతోడను పాచికలతోడను కథను నడుపుట దాని పద్ధతి. పిమ్మట ఈ పద్ధతి కంప్యూటరులోనికి వచ్చెను. అందు ఆటగాడే నాయకుడు. వానివెంట నడచువారు కవి కల్పించిన సహచరులు. వారితో ఎప్పుడు మాటలాడవలయునో, ఏమి అడుగవలయునో నిర్ణయించువాడు ఆటగాడు. కనుక దీనిని దృశ్యకావ్యమునకు దూరపు బంధువని చెప్పవచ్చును. బంధుత్వము దూరమైనను పోలిక స్పష్టము.

దోషనిరూపణము

ఆ యువకుడు చూపిన కథలలో నాకు మూడు దోషములు కానవచ్చినవి. మొదటిది అకాలకథనము. సహచరుడు పరిచయమైన తొలిరాత్రియే నెగడుప్రక్కన కూర్చుండి తన పుట్టుపూర్వోత్తరములన్నియు ఏకరువు పెట్టును. రెండవది మూల్యకథనము. ఆటగాడు ఇన్ని కానుకలిచ్చి, ఇన్నిసార్లు పలుకరించినచో రహస్యము తానుగా ఊడిపడును. మూడవది ఆకస్మికకథనము. ముందు ఏ సూచనయు లేక కథ చివర గుట్టు బయటపడును. మొదటిదానిలో వినువానికి ఆసక్తి పుట్టక మునుపే సమాధానము వచ్చినది. రెండవదానిలో రహస్యము అంగడిసరుకైనది. మూడవదానిలో చదువరి తాను మోసపోయితినని అనుకొనును.

ఈ మూడింటికిని మూలము ఒక్కటియే. రహస్యమును చెప్పుట వీరి దృష్టిలో వార్త. మన కవుల దృష్టిలో అది కార్యము. వార్త చెప్పిన తరువాత చెప్పినవాడును విన్నవాడును యథాపూర్వముగనే ఉందురు. కార్యము జరిగిన తరువాత ఇరువురిలో ఒకరైనను మునుపటివలె ఉండజాలరు. ఈ భేదమే ఈ వ్యాసమునకు మూలసూత్రము.

అధికారి

పదవశతాబ్దివాడగు ధనంజయుడు దశరూపకమున నాట్యోక్తులను మూడుగా విభజించెను. అందరును వినదగినది సర్వశ్రావ్యము. ఎవ్వరును వినరానిది అశ్రావ్యము, అదియే స్వగతము. కొందరే వినదగినది నియతశ్రావ్యము. ఈ నియతశ్రావ్యమే జనాంతికమనియు అపవారితమనియు ద్వివిధము. రంగముమీద పదుగురున్నను మాట ఎవరికి చేరవలయునో వారికే చేరుట ఇందలి మర్మము. ఈ విభాగమును మనము కేవలము రంగసంకేతముగ బోధించుచున్నాము. నిజమునకు ఇది అధికారివిచారము. ఎవరు వినదగుదురు? ఎప్పుడు వినదగుదురు?

దీనికి విరాటపర్వమున బృహన్నల కథకంటె మేలైన ఉదాహరణము లేదు. తెలుగున ఈ పర్వము తిక్కనసోమయాజి చేత పడి ఎంత ప్రసిద్ధమైనదో చెప్పనక్కరలేదు. బృహన్నల ఉత్తరునికి సారథి, అనగా అక్షరాల సహచరపాత్ర. అంతఃపురమున ప్రగల్భములు పలికినంతసేపు ఉత్తరుడు రహస్యమునకు అధికారి కాడు. కౌరవసేనను చూచి రథము దిగి పరుగిడినప్పుడును కాడు. బృహన్నల వానిని పట్టి తెచ్చి, శమీవృక్షముకడ నిలిపి, చెట్టెక్కి ధనుస్సులను దింపుమనును. శవమును తాకుమందువా అని రాకుమారుడు శంకించును. కట్లు విప్పగా ఆయుధములు మెరయును. అప్పుడు వాడు అడుగును: ఇవి ఎవరివి? వారు ఇప్పుడెక్కడ? ఈ ప్రశ్న పుట్టిన క్షణముననే ఉత్తరుడు అధికారి అయినాడు. అర్జునుడు తన పేరు చెప్పినను వాడు వెంటనే నమ్మక, పదినామములను అర్థములతో చెప్పుమని కోరును. రహస్యమును ప్రమాణముతో స్వీకరించు శ్రోతను కల్పించుటచే ఆ ఘట్టము స్వాభావికమైనది.

ఇంకొక విశేషము గలదు. ఈ రహస్యము ఉత్తరునికి తెలిసినను విరాటునికి తెలియదు. కొడుకే గెలిచెనని మురియుచున్న రాజు, బృహన్నలను పొగడిన కంకుని పాచికతో కొట్టును, నెత్తురు చిందును. ఉత్తరుడు వచ్చి, ఎరిగియు, ఎవరో దేవకుమారుడు గెలిచెనని మాత్రమే చెప్పును. ఒకే రహస్యము ఒకరికి అభయమును, మరియొకరికి గాయమును కలిగించినది. ఆటల కథకులు దీనిని గమనింపవలయును. సహచరుడు గుట్టు విప్పునప్పుడు ప్రక్కన ఎవరున్నారు, ఎవరు లేరు అనునది లెక్కలోనికి తీసికొనినచో, ఆ ఒక్క రహస్యమునుండియే రెండు మూడు ఘట్టములు పుట్టును.

విషయము

రెండవ అనుబంధము విషయము. ఎంత చెప్పవలయును అనుట. శాకుంతలము ప్రథమాంకమున దుష్యంతుడు శకుంతల జన్మవృత్తాంతమును చెలికత్తెలను అడుగును. తన జన్మకథను శకుంతల చెప్పదు. చెప్పునది అనసూయ. విశ్వామిత్రుని తపస్సు, దేవతల భయము, మేనక రాక, వసంతము అనువరకు వచ్చి సిగ్గుచే ఆగిపోవును. తక్కినది తెలియుచునే యున్నదని రాజు అందుకొనును.

చాల ఏండ్లక్రితము తరగతిలో ఈ విద్యార్థియే, అనసూయ ఎందుకు ఆగినదని నన్ను అడిగెను. లజ్జ వ్యభిచారిభావమని వ్రాసికొమ్మని చెప్పి నేను ముందుకు సాగితిని. ఆ సమాధానము తప్పు కాదు. కాని అది సమాధానము కాదు. సగము చెప్పుటవలన మూడు పనులు జరిగినవి. అనసూయ శీలము వ్యక్తమైనది. రాజు ఊహాశక్తియు ఆత్రుతయు వ్యక్తమైనవి. చెప్పని సగమును పూరించుటచే ప్రేక్షకుడు రహస్యమున భాగస్వామియైనాడు. పూర్తిగా చెప్పబడిన రహస్యమునకు శ్రోత మాత్రమే ఉండును. సగము చెప్పబడినదానికి భాగస్వామి ఉండును.

ఆ నాటకమునందే నాలుగవ అంకపు విష్కంభమున దుర్వాసుని శాపము వచ్చును. దానిని విన్నవారు చెలులిరువురే. సుకుమారహృదయయైన సఖికి తెలుపరాదని వారు నిశ్చయింతురు. వీడ్కోలువేళ మాత్రము, రాజు గుర్తింపకున్నచో ఉంగరమును చూపుమని చెప్పుదురు. శకుంతల ఆ మాటకే వణకును. శాపమును చెప్పలేదు, దానికి విరుగుడును చెప్పిరి. కారణము దాచి కార్యమును మాత్రము చెప్పుట ఎంత నేర్పు! ఏడవ అంకమున మారీచుడు శాపవృత్తాంతమును వెల్లడించినప్పుడు శకుంతలకు చెలుల మాట జ్ఞప్తికి వచ్చును. అప్పటి ఆ చిన్నమాటకు ఇప్పుడు పూర్ణార్థము కలుగును. సహచరులు దాచిరని ఆమెకు కోపము రాదు. దాచుటయు స్నేహమేనని తెలియును.

సంబంధము

మూడవది సంబంధము. చెప్పువానికిని వినువానికిని గల బాంధవ్యము ఎట్టిదో రహస్యము అట్టి త్రోవనే వెలికి వచ్చును. 1912లో తిరువనంతపురమునుండి గణపతిశాస్త్రిగారి పరిష్కరణముతో వెలువడిన స్వప్నవాసవదత్తమున ఇది తేటపడును. వాసవదత్త ఆవంతికయను పేర పద్మావతివద్ద న్యాసముగ ఉన్నది. ఇరువురకును స్నేహము కుదిరినది. కాని పద్మావతిని వివాహమాడబోవువాడు వాసవదత్త భర్తయే. ఇట్టి సంబంధమున రహస్యము మాటగా రాదు, జారుటగా వచ్చును. ఆ రాజు కురూపి యైనచో ఏమి గతి యని చేటి పరిహాసమాడగా, వాసవదత్త తొందరపడి, కాదు, ఆయన దర్శనీయుడే యనును. నీకెట్లు తెలియునని పద్మావతి అడుగును. భర్తపై పక్షపాతముచే హద్దు మీరితినని ఆమె తనలో అనుకొని, ఉజ్జయినిలో జనులట్లు చెప్పుకొందురని సర్దుకొనును.

ఇది అతిస్వల్పమైన సంఘటన. కాని నైయాయికుల భాషలో ఇది లింగము. పొగను చూపి అగ్నిని దాచుట. ఆరవ అంకమున ఉజ్జయినినుండి వచ్చిన చిత్రపటమును చూచి, ఇది ఆవంతిక పోలికయని పద్మావతి గుర్తించుట రెండవ లింగము. అనుమానము సిద్ధించినతరువాతనే యౌగంధరాయణుడు న్యాసమును తిరిగి అడుగవచ్చును. సహచరుని రహస్యమును సహచరుని నోటనే పలికింపవలయునను నియమము లేదు. చూచినవారు గుర్తించుట చెప్పుటకంటె బలవత్తరము.

సంబంధము కృత్రిమమైనప్పుడు ఏమగును? ముద్రారాక్షసమున జీవసిద్ధియను క్షపణకుడు రాక్షసునికి ఆప్తుడు. వాడు చాణక్యుని సహాధ్యాయియగు ఇందుశర్మయని ప్రేక్షకునికి మొదటి అంకముననే తెలియును. రాక్షసునికి తెలియునది ఐదవ అంకమున, తన యత్నమంతయు భగ్నమైన పిదప. శత్రువు తన హృదయమునే ఆక్రమించెనని అప్పుడు వాపోవును. 2000లో వెలువడిన 'బాల్డర్స్ గేట్' రెండవభాగమను ఆటయందు యోషిమో అను సహచరుడు ఇట్లే నాయకుని వెంట నడచి, కీలకస్థలమున ద్రోహము చేయునట. వాడు మాంత్రికుని బంధమునకు లోబడి అట్లు చేసెనని తరువాత తెలియునట. విశాఖదత్తుడు గుట్టును ప్రేక్షకునికి ముందే తెలిపి రాక్షసునికి దాచెను. ఆటలో ప్రేక్షకుడును నాయకుడును ఒక్కడే కనుక ఇరువురకును దాచవలసివచ్చెను. ఆట వ్రాయువారికి గల అసలు కష్టము ఇచ్చటనే ఉన్నది.

ప్రయోజనము

నాలుగవది, ముఖ్యమైనది ప్రయోజనము. కర్ణుని జన్మరహస్యము వినువారికి ఆదిపర్వముననే తెలియును. ఉద్యోగపర్వమున కృష్ణుడు దానిని కర్ణునికి ఏకాంతముగ చెప్పును. ప్రయోజనము యుద్ధనివారణము. అది సిద్ధింపలేదు. కర్ణుడు ఇంకొక మాట కోరును: ఇది ధర్మరాజునకు తెలియనీయకుము, తెలిసినచో అతడు రాజ్యమును నాకిచ్చును, నేను దానిని దుర్యోధనునకిత్తును అని. దాచుటకును ప్రయోజనము ఉండవలయునని ఇచ్చట తేలినది. తరువాత కుంతి వచ్చి చెప్పినప్పుడు, అర్జునుడు తప్ప తక్కినవారిని చంపనని మాట లభించినది. అది సగము ఫలము. కట్టకడపట స్త్రీపర్వమున జలతర్పణవేళ కుంతి కొడుకులకు చెప్పును. అప్పుడు ఫలము శోకమొక్కటే. రహస్యము ఒకటి, మూడుసార్లు చెప్పబడినది, మూడు ఫలములు. కాలము గడచినకొలది రహస్యపు వెల పెరుగును, ఉపయోగము తరుగును.

2003లో వచ్చిన 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్' అను ఆటలో నాయకునికే తన పూర్వరూపము తెలియదట. వెంటనున్న బాస్టిలాకు అది తెలిసియు ఆమె దాచునట. చెప్పువాడు శత్రువు. స్నేహితులు దాచినదానిని శత్రువు చెప్పినప్పుడు స్నేహమునకే పరీక్ష కలుగును. ఈ ఆట కథను శిష్యుడు వివరించుచుండగా నాకు కర్ణుడే స్ఫురించినాడు.

విశాఖపట్టణమున ఒక రాత్రి

పై నాలుగును ఒక్కచోట కూడిన ఘట్టము మన ఊరిలోనే కలదు. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో గురజాడ అప్పారావుగారిచే పెంచి తిరిగి వ్రాయబడిన కన్యాశుల్కపు చివరి అంకము విశాఖపట్టణమున జరుగును. మధురవాణి పురుషవేషమున రాత్రివేళ సౌజన్యరావు పంతులుగారి ఇంటికి వచ్చును. ఆయన వేశ్యల మొగము చూడనను నియమము గలవాడు. కనుక అసలురూపమున ఆమె చెప్పు మాటకు ఆయన అధికారి కాడు. వేషము అధికారిని సంపాదించు ఉపాయమైనది.

ఆ రాత్రి మూడు గుట్టులు ఒకదానికొకటి ముడిపడి బయటపడును. లుబ్ధావధానులు పెండ్లాడిన పిల్ల ఆడపిల్ల కాదనునది ఒకటి. వచ్చిన యువకుడు మధురవాణి యనునది రెండవది. పంతులుగారు నమ్మిన గిరీశము పూర్వమున ఆమెతో మెలగినవాడనునది మూడవది. మొదటిదానికి ప్రయోజనము హత్యానిందనుండి ఒక వృద్ధుని రక్షించుట. చివరిదానికి ప్రయోజనము బుచ్చమ్మను వంచననుండి తప్పించుట. ఏ గుట్టును తన గతమును వివరించుటకొరకు చెప్పబడలేదు. ప్రతిదియు ఇంకొకరి భవిష్యత్తుకొరకు చెప్పబడినది. గిరీశము కథ అంతయు వెంకటేశమునకు గురువుగ, బుచ్చమ్మకు ఉద్ధారకుడుగ తిరిగిన సహచరుడే. వాని గుట్టు మనకు మొదటి అంకమునుండియు తెలియును. ఐనను సౌజన్యరావుగారు వినుక్షణమున మనము ఊపిరి బిగబట్టుదుము. తెలిసిన రహస్యమునందును ఉత్కంఠ ఉండుటకు కారణము, వినువానియందు కలుగబోవు మార్పు మనకు తెలియకుండుటయే.

పూర్వపక్షము, సమాధానము

నాటకమున ఘట్టక్రమము కవి చేతిలో నున్నది, ఆటలో ఆటగాని చేతిలో నున్నది; కనుక ఈ న్యాయములు అన్వయింపవని పూర్వపక్షము. దీనికి సమాధానము. విశాఖ రేవునకు వచ్చు ఓడలు ఏ దేశమునుండి ఏ వేళ వచ్చినను బయటి సముద్రమున లంగరు వేసి నిలుచును. రేవున చోటు సిద్ధమైన పిమ్మట పైలటు ఎక్కి లోనికి తెచ్చును. ఓడల రాకవేళ రేవు అధీనమున లేదు. ప్రవేశనియమము అధీనమున ఉన్నది. ఆటలోను రహస్యమునకు వేళ నిర్ణయింప వీలుకాకున్నను యోగ్యత నిర్ణయింప వీలగును.

కావున మూడు మాటలు ఆ శిష్యునితో చెప్పితిని. ఒకటి: ఒక రహస్యమునకు ఒక్క లింగము చాలదు. నాలుగైదు తావుల వేరువేరుగ ఉంచుము. ఆటగాడు ఏ త్రోవన పోయినను ఒకటి రెండు తగులును. వస్త్రమున, ఆయుధమున, ఒక ఊరిలోనికి రానని మొరాయించుటలో, ఒక పేరు విని ఉలికిపడుటలో అవి ఉండవచ్చును. రెండు: గుట్టు విప్పుటకు కానుకల లెక్కను గాక, ఆటగాడు చేసిన పనిని హేతువు చేయుము. పారిపోయినవాడు తిరిగి వచ్చి చెట్టెక్కినప్పుడే బృహన్నల నోరు విప్పెను. మూడు: ఆటగాడు ఎన్నడును అడుగకున్నచో రహస్యమును మూలబెట్టకుము. అది కర్ణుని రహస్యమువలె తనంతట పనిచేయవలయును. అడుగని ప్రశ్నకు ఫలము అనుభవింపవలయును.

ఆటలవంటి లఘువిషయమునకు దశరూపకమును వినియోగించుట శాస్త్రమునకు చిన్నతనము కాదా అని రెండవ పూర్వపక్షము. నాట్యమును క్రీడనీయకమనియే దేవతలు బ్రహ్మను యాచించిరని నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయము చెప్పుచున్నది. క్రీడగ పుట్టిన శాస్త్రమునకు క్రీడ చిన్నతనము కాదు.

ఉపసంహారము

వినదగినవానికి, తగినంతయే, బాంధవ్యమునకు అనుగుణమైన త్రోవలో, ఒకరి భవితవ్యము మారునప్పుడు వెలువడిన రహస్యము స్వాభావికము. ఈ నాలుగింటిలో ఒకటి లోపించినను అది కృతకము. ఇది సిద్ధాంతము.

జనాంతిక లక్షణమును నలుబది సంవత్సరములు తరగతులలో చెప్పితిని, పరీక్షలలో వ్రాయించితిని. దానిని ఎక్కడ వాడవలయునని అడిగినవాడు ఒక్కడే. వాడు పండితవృత్తి విడిచిపోయినవాడు. అనసూయ ఎందుకు ఆగినదో ఆనాడు వానికి చెప్పియుండవలసినది. లక్షణము చెప్పుచోట ప్రయోజనమునుగూడ చెప్పుట మన బోధనమున అలవాటైనచో, అట్టి ప్రశ్నలకు విద్యార్థి ఏండ్ల తరువాత మరల ఇంటికి రావలసిన పనియుండదు.